కుంచెడు తవుడుకి కొన్న కొడుకు

వెదుళ్ళవలస దాలమ్మ ఇద్దరు కూతుళ్ళని కంది. కొడుకుని కొనుక్కుంది.

ఆ కొనుగోలు 1944 వేసవిలో జరిగింది. పక్కింటి అప్పలసూరికి, అతని భార్య జగ్గమ్మకి అప్పటికి ముగ్గురు పిల్లలు పుట్టి, ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగోసారి మళ్ళీ మగపిల్లవాడు పుట్టాడు. అలాంటి ఇంట్లో ఏం చెయ్యాలో నరసన్నపేట చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికీ చెప్పక్కర్లేదు. మూడోనాడు పొద్దున్నే పిల్లవాణ్ణి చేటలో పడుకోబెట్టి గుమ్మం బయట పెట్టారు. దాలమ్మ కుంచెడు తవుడు తెచ్చి జగ్గమ్మ కొంగులో పోసి, చేటతో సహా పిల్లవాణ్ణి ఎత్తుకుపోయింది. అంతటితో వాడు జగ్గమ్మ కొడుకు కాకుండా పోయాడు. జగ్గమ్మ పిల్లల మీద కన్నేసిన ఊరి దేవత అసిరితల్లి ఈసారి వచ్చి చూస్తే ఆ ఇంట్లో పిల్లవాడు ఉండడు. పక్కింట్లో ఉన్నవాడు దాలమ్మ కొడుకు. వాడి జోలి తల్లికి అక్కర్లేదు. పాల కోసం మాత్రం వాణ్ణి రోజుకి ఏడెనిమిది సార్లు గోడ మీంచి జగ్గమ్మకి అందించేవారు.

పేరు తవిటినాయుడు అని పెట్టారు. తవుడుకి కొన్న పిల్లలకి అదే పేరు. తాలూకాలో ఏ బడికెళ్ళి పిలిచినా నలుగురైదుగురు తవిటినాయుళ్ళు లేచి నిలబడతారు. పిల్లవాడికి నాలుగైదేళ్ళు నిండి ఒళ్ళు గట్టిపడితే, మిగతా ఇళ్ళలో అమ్మకం సంగతి మెల్లగా మర్చిపోయేవారు. దాలమ్మ మర్చిపోలేదు. ఎవరినీ మర్చిపోనివ్వలేదు.

ఆవిడ పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. మోతుబరుల ఇళ్ళలో ధాన్యం దంచేది. రోకలి చేతిలో ఉన్నంతసేపు మాట్లాడేది కాదు, కింద పెట్టాక ఆపేది కాదు. చేసిన బేరం బేరమే అన్నది ఆవిడకున్న ఏకైక సిద్ధాంతం. తవిటినాయుడికి చొక్కా కుట్టించాలంటే అప్పలసూరి ముందు ఆవిడని అడగాలి. జుట్టు కత్తిరించాలన్నా అడగాలి. ఒకసారి వాడు విత్తనాల బుట్ట బోర్లించేస్తే అప్పలసూరి కోపం పట్టలేక వీపు మీద ఒక్కటి వేశాడు. దాలమ్మ రోకలితోనే గుమ్మంలోకి వచ్చింది.

"నా గుంటణ్ణి కొట్టీడానికి నువ్వెవుడివి?"

"తప్పయిపోనాది వదినా."

"తప్పు గాదు. నీ సెయ్యి నీ గుంటల మీద లేపుకో."

"నాకు గుంటలు నేరు గదా వదినా."

"నేకపోతే ఊరికే కూకో."

తవిటినాయుడు దాలమ్మని అమ్మా అని, కన్నవాళ్ళని అత్తా, మావా అని పిలుస్తూ పెరిగాడు. మధ్యాహ్నం జగ్గమ్మ వాడికి అన్నం పెట్టేటప్పుడు నాలుగిళ్ళకి వినబడేలా, "పాపం, దాలప్ప గుంటడు ఆకలేసి వచ్చినాడు, నాలుగు మెతుకులు పెడతన్నాను," అనేది. ఇలా ప్రతిరోజూ అనేది. వాడు మశూచికం వస్తే బతికాడు. వంశధార వరదలో ఆవుతోక పట్టుకుని బతికాడు. ఇంకేం సాక్ష్యం కావాలని దాలమ్మ అడిగేది.

అయితే వాడి పుట్టుక రెండు చోట్ల రెండు రకాలుగా రికార్డయింది. మొదటిది ఊరి మునసబు రిజిస్టరు. ఆయన ఆ నెలాఖరున రిజిస్టరు పట్టుకుని వచ్చి, "మీ ఇంట్లో పుట్టుక ఉందా?" అని అప్పలసూరిని అడిగాడు. "నేదు బాబూ, పక్కింట్లో ఉన్నాది," అన్నాడు అప్పలసూరి. నిజం మునసబుకి తెలుసు. తన కూతురు పేరు కూడా తవిటమ్మే. ఒక అక్షరం కోసం పసివాడి ప్రాణం మీదికి తేవడం ఇష్టం లేక తండ్రి నూకయ్య, తల్లి దాలమ్మ అని రాసుకుని వెళ్ళిపోయాడు. నూకయ్య దాలమ్మ భర్త, బండి తోలేవాడు. తర్వాత కొన్నేళ్ళకి కాలం చేశాడు.

రెండోది పేటలో బడి. అక్కడి పంతులు పై ఊరివాడు. కుర్రాణ్ణి చేర్పించడానికి అప్పలసూరి, దాలమ్మ ఇద్దరూ వెళ్ళారు. పంతులు కుర్రాడి ముక్కు చూశాడు, అప్పలసూరి ముక్కు చూశాడు, ఇంకేమీ అడక్కుండా తండ్రి అప్పలసూరి అని రాసేశాడు. ఎస్సెల్సీ పుస్తకంలోకీ అదే ఎక్కింది. ఇంగ్లీషు పుస్తకంలో ఏముందో చదివేవాళ్ళు ఊళ్ళో లేరు కాబట్టి దాలమ్మకి ఆ సంగతి తెలియలేదు.

తవిటినాయుడు బాపట్లలో వ్యవసాయం చదివి, బ్లాకాఫీసులో డిమాన్‌స్ట్రేటరుగా చేరాడు. అతని పని రైతులకి కొత్త పొట్టి వరి గురించి చెప్పడం. 1968లో, అతనికి ఇరవైనాలుగేళ్ళప్పుడు, ఆ పొట్టి వరి గురించే రెండేళ్ళు చదవడానికి ఫిలిప్పీన్సు దేశంలో సీటు, స్కాలర్‌షిప్పు వచ్చాయి. ఈ వార్త ఊరికి మింగుడుపడలేదు.

"వరి సదువుకోడానికి ఓడెక్కుతావేట్రా?" అన్నాడు లక్ష్ముడు. అతను ఐదెకరాల రైతు, ఊళ్ళో ఎవరి పనిలోనైనా తప్పుపట్టగలవాడు. "మా మడిలో దిగు. నెల్లాళ్ళలో నేర్పీనా?"

"అక్కడ పొట్టి వరి మావా. దిగుబడి రెండింతలు."

"పొట్టి వరికి గడ్డేది? ఎడ్లకేటి పెడతావు?"

"గడ్డి తక్కువే. దిగుబడి ఎక్కువ."

"అయితే ఎడ్లకి దిగుబడి పెడతావు. ఇంటి మీద కూడా దిగుబడే కప్పుతావు. వానొస్తే దిగుబడి కింద తొంగుంటావు."

దాలమ్మ అటుగా వెళుతూ ఆగింది. "నా కొడుకు ఎల్తాడు, సదూతాడు. నీకేటి రోగం?" అంది. ఆ చర్చ అక్కడితో అయిపోయింది.

పాస్‌పోర్టు ఎస్సెల్సీ పుస్తకం చూసి ఇచ్చారు. వీసాకి మాత్రం జనన రిజిస్టరు నకలు కూడా జతచెయ్యాలన్నారు. తవిటినాయుడు ఊడ్పుల పర్యవేక్షణలో ఊళ్ళు తిరుగుతూ, నకలు తీయించి పంపే పని వేంకటాచలానికి అప్పగించాడు. వేంకటాచలం నరసన్నపేట డిప్యూటీ తాసీల్దారు కచేరీ వరండాలో టైపు మిషను పెట్టుకుని అర్జీలు రాసే బ్రాహ్మడు. చేతులు వేగం. టైపు చేస్తున్నదాన్ని చదివే అలవాటు లేదు. నకలుని ఇంగ్లీషు చేసి, మిగతా కాగితాలతో కలిపి ఢిల్లీకి పోస్టు చేశాడు.

మార్చి నెలాఖరున జవాబు వచ్చింది. దరఖాస్తుదారు తండ్రి పాస్‌పోర్టులో అప్పలసూరి అనీ, జనన పత్రంలో నూకయ్య అనీ ఉన్నది, వీరిలో ఎవరో తెలియజేయవలసింది అని రాశారు. రెండు ఇళ్ళవాళ్ళూ ఒక అధికారి ఎదుట వాంగ్మూలం ఇవ్వాలి. అది ఏప్రిల్ ముప్ఫై లోపల ఢిల్లీ చేరితే వీసా వస్తుంది. చేరకపోతే రాదు, స్కాలర్‌షిప్పు ఇంకొకరికి పోతుంది.

వేంకటాచలం ఉత్తరం రెండుసార్లు చదివాడు. చదవడం అలవాటు లేక నుదురు రుద్దుకున్నాడు.

"ఇందులో కష్టమేముందోయ్? కన్నది నేను కాదు, జగ్గమ్మ అని దాలమ్మ ఒక్క ముక్క చెబితే సరి. నేను ముందే రాసిస్తాను. వేలిముద్ర వేయించు."

ఆ సాయంత్రం తవిటినాయుడు కాగితం ఇంటికి తెచ్చాడు. దాలమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. అతను గొంతు సవరించుకుని చదివాడు.

"దాలమ్మ అను నేను సత్యప్రమాణముగా చెప్పునదేమనగా, పై తవిటినాయుడు నాకు పుట్టినవాడు..."

చివరి మాట నోట్లోంచి రాకముందే దాలమ్మ చేట వదిలేసి వాడి నోరు మూసేసింది. బియ్యం వసారా అంతా పడ్డాయి.

"ఎంత మాట సదవబోనావురా! గట్టిగా!"

"నెమ్మదిగా సదవనా?"

"మనసులో కూడా సదవకు. ఇరవైనాలుగేళ్ళు తల్లి కళ్ళు కప్పినాం. ఇప్పుడు నాను కచేరీకెల్లి, ఇదిగోనే తల్లీ, నీకు దొరకనోడు ఇక్కడున్నాడు, పట్టుకుపో అని ఏలిముద్రేసి మరీ సెప్పాలా?"

"నాకు ఇరవైనాలుగేళ్ళమ్మా. ఇంక నాకేటి అవుతాది?"

"ఓడెక్కుతావా నేదా? భూమ్మీదయితే ఇందరిలో ఎవుడివో తల్లికి ఆనవాలు పట్టడం కష్టం. సముద్రం మీద నువ్వొక్కడివే కనపడతావు."

దీనికి వ్యవసాయ శాస్త్రంలో సమాధానం లేదు. తవిటినాయుడు కింద కూర్చుని బియ్యం ఏరడం మొదలుపెట్టాడు. గోడ అవతల జగ్గమ్మ అంతా విన్నది. వెళ్ళి చెప్పొచ్చు కదా అని అప్పలసూరి సైగ చేస్తే, "మంది గుంటడి యవ్వారం మనకేల?" అని గట్టిగా అని, కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది.

పది రోజులు పోయాయి. తవిటినాయుడు బతిమాలాడు, అలిగాడు, ఒకపూట తినడం మానేశాడు. రెండో పూట దాలమ్మే జగ్గమ్మ ఇంటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి అన్నం పెట్టించింది. చివరికి వేంకటాచలం తనే సైకిలు మీద ఊళ్ళోకి వచ్చాడు.

"దాలమ్మా, కాయితం తెలుగులో రాయను. మొత్తం ఇంగ్లీషులో కొడతాను. ఇంక ఏమిటి నీ భయం? అసిరితల్లికి ఇంగ్లీషు రాదు కదా."

దాలమ్మ ఈ మాటని తేలిగ్గా తీసుకోలేదు.

"తల్లి పూజారికి ఇంగిలీసు వచ్చా?"

"వాడికి తెలుగే సరిగా రాదు."

"పూజారి కొడుకు ఏదో బళ్ళో సదూతన్నాడు."

"ఏడో క్లాసు."

"కొంచెం వచ్చన్నమాట."

"ఏడో క్లాసు ఇంగ్లీషుకి అఫిడవిట్టు అర్థం కాదు దాలమ్మా. పదో క్లాసుకీ కాదు. ఒక్కోసారి నాకే కాదు."

"ఒట్టు?"

"గాయత్రి మీద ఒట్టు."

దాలమ్మ ఒప్పుకుంది.

ఏప్రిల్ పంతొమ్మిదిన నలుగురూ బస్సులో నరసన్నపేట వెళ్ళారు. అప్పలసూరికి ఒక్కటే పని అప్పగించారు. వీడు నీ కొడుకేనా అని ఆఫీసరు అడుగుతాడు, అవును బాబూ అనాలి. అతను దారంతా పెదాలు కదుపుతూనే ఉన్నాడు. టిక్కెట్టు ఎక్కడికని కండక్టరు అడిగినా అవును బాబూ అన్నాడు.

డిప్యూటీ తాసీల్దారు జగన్నాధం నెల కిందటే బదిలీ మీద వచ్చాడు. అంతా రూలు ప్రకారం చేస్తాడని పేరు. ఇంగ్లీషు కాగితం చూశాడు, దాలమ్మని చూశాడు.

"చదువొచ్చా?"

"రాదు బాబూ."

"అయితే దీన్ని తెలుగులో చదివి వినిపించాలి. నీకు అర్థమైందని నేను రాయాలి. ఆ తర్వాతే వేలిముద్ర."

దాలమ్మ వేంకటాచలం వైపు చూసింది. వేంకటాచలం గుమ్మం వైపు చూశాడు.

"సదవకండి బాబూ. నాకు తెలుసు."

"ఏం తెలుసు? ఏముంది ఇందులో?"

"సెప్పకూడనిది ఉన్నాది."

జగన్నాధం కాగితం పక్కన పెట్టాడు. "సరే, నోటితోనే అడుగుతాను. ఈ కుర్రాడు నీ కొడుకేనా?"

"నా కొడుకు కాకపోతే మీ కొడుకా?"

"అయితే గొడవే లేదు. పాస్‌పోర్టులో తప్పు పడింది," అని ఆయన అప్పలసూరి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. వీడు నీ కొడుకేనా?"

బస్సులో మననం చేసిన మాట అప్పలసూరి నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆ ప్రశ్నకి ఇరవైనాలుగేళ్ళుగా అతను చెప్పే జవాబు ఇంకొకటి ఉంది. అదే ముందు బయటపడింది.

"కాదు బాబూ! దాలమ్మొదిన కొడుకు!"

తవిటినాయుడు తల పట్టుకున్నాడు. అప్పలసూరి నాలిక కరుచుకుని, "అవును బాబూ," అన్నాడు.

"ఏది అవును?"

"కాదన్నది అవును బాబూ."

"అంటే నీ కొడుకు కాదు."

"అవును బాబూ. కాదు బాబూ."

జగన్నాధం విసుగ్గా జగ్గమ్మని చూశాడు. ఆవిడ రెండడుగులు ముందుకొచ్చి, రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించింది.

"అలాగ పైకి అడగకండి బాబూ. తల్లి యింటాది." కళ్ళతో పైకి చూపించింది. దాలమ్మ పైకి చూసింది. అప్పలసూరి చూశాడు. గుమస్తా కూడా చూశాడు. ఏముందోనని జగన్నాధం తనూ చూశాడు. అక్కడ దూలం, దాని మీద బల్లి తప్ప ఏమీ లేవు.

ఆయన తల దించి, కాగితం మీద కుర్రాడి పేరు ఈసారి నిదానంగా చదివాడు. తవిటినాయుడు. గుమస్తాని పిలిచి ఏదో ఫైలు తెమ్మని పంపి, తలుపు వేయించాడు.

"మాది చీపురుపల్లి దగ్గర," అన్నాడు నెమ్మదిగా. "బయట బోర్డు మీదున్న పేరు బళ్ళో పెట్టింది. ఇంట్లో నన్ను పెంటయ్య అంటారు."

దాలమ్మ మొహం మారిపోయింది. చీర కొంగు సర్దుకుని ఆయనకి ఎదురుగా వచ్చింది. "ఎందరి తరవాత బాబూ?"

"ఇద్దరి తర్వాత."

"పెంట మీంచి ఎత్తుకున్నది ఎవురు?"

"మా మేనత్త. ఇంకా ఉంది. మొన్న కలెక్టరు గారు మా ఇంటికొస్తే, వీడు పెంట మీద దొరికినోడు బాబూ అని ఆయనకీ చెప్పింది."

"మంచి మనిషి. అలాగే సెప్పాల."

జగన్నాధం తెల్లకాగితం తీసి ముందు పెట్టుకున్నాడు. "ఎవరి కొడుకో నేను అడగను. ఇది చెప్పు. ఆ ఏడు వేసవిలో నొప్పులు పడింది ఎవరు?"

నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. నొప్పుల సంగతి చెప్పకూడదని ఎప్పుడూ ఎవరూ అనుకోలేదు.

"జగ్గమ్మ పడ్డాది," అంది దాలమ్మ. "రెండు రాత్రులు. పక్కనున్నది నానే."

"పడి ఎవర్ని కంది?"

"మగగుంటణ్ణి."

"ఆమె భర్త పేరు?"

"నాను బాబూ," అన్నాడు అప్పలసూరి. ఇది తప్పు పోయే ప్రశ్న కాకపోవడంతో గట్టిగానే అన్నాడు.

"మూడోనాడు ఆ గుంటణ్ణి ఏం చేశారు?"

"నాను కొన్నాను."

"కొన్నానని రాయకూడదు. రాస్తే మీ మీద నేనే కేసు పెట్టాలి. స్వీకరించింది అని రాస్తాను."

"మరి నా తవుడు?"

"జగ్గమ్మకి కానుకగా ఇచ్చావని రాయనా?"

"బాలింతకి తవుడు కానుకేటి బాబూ? అది గేదా?"

జగన్నాధం కలం ఆపాడు. నవ్వు ఆపుకోవడానికి కొంచెం దగ్గాడు. "తవుడు సంగతి రాయను."

రాసినదంతా ఆయన పైకి చదివాడు. నొప్పులు పడినది అప్పలసూరి భార్య జగ్గమ్మ. బిడ్డను మూడవనాడు దేశాచారం ప్రకారం పక్కింటి దాలమ్మ స్వీకరించినది. అందువల్ల మునసబు రిజిస్టరులో ఆమె భర్త పేరు పడినది. నాటినుండి నేటివరకు దాలమ్మ అతనిని తన కొడుకుగా చూసుకొనుచున్నది. దాలమ్మ ఒక్కో మాటకీ తల ఊపుతూ విన్నది.

"తన కొడుకు అన్న ముక్క ఎక్కడున్నాది?"

ఆయన వేలితో చూపించాడు. దాలమ్మ బొటనవేలు సిరాలో ముంచి సరిగ్గా ఆ మాట పక్కనే నొక్కింది. వేలిముద్రకి అడుగున వేరే చోటుందని వేంకటాచలం అంటే, "అక్కడ ఏటున్నాదని ఎయ్యాలి?" అంది.

మే నెల రెండో వారంలో పాస్‌పోర్టు తిరిగి వచ్చింది. ఒక పేజీ మీద నీలం ముద్ర, కింద సంతకం. తవిటినాయుడు దాన్ని రెండిళ్ళలోనూ చూపించాడు.

"నా పేరు ఎక్కడున్నాది?" అంది దాలమ్మ.

"వీసాలో అమ్మ పేరు రాయరమ్మా."

"రాయనప్పుడు ఇన్నాళ్ళు నన్నెందుకు సంపినారు?"

ప్రయాణం మద్రాసుకి, అక్కణ్ణించి ఓడలో. మద్రాసు మెయిలు ఆమదాలవలసలో ఆగేది కొద్ది నిమిషాలు. అందులో మొదటి నిమిషమంతా దాలమ్మ ఏడ్చింది, పెట్టెల్లోవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూసేలా, తల్లి ఏడ్చినట్టు. అప్పలసూరి ట్రంకుపెట్టె ఎక్కించి, కూలి తీసుకోవడానికి నిలబడినవాడిలా పక్కన నిలబడ్డాడు. జగ్గమ్మ దాలమ్మ వీపు నిమురుతూ, "ఊరుకో అప్పా, రెండేళ్ళు ఎంతలో వస్తాయి," అంది. నిమురుతూనే కిటికీలోని కుర్రాడి వైపు చూసింది.

"ఎవురి గుంటడివో గాని నాయినా, అక్కడ ఏళకి..."

తిను అనకుండానే కొంగు నోట్లో కుక్కుకుంది.

దాలమ్మ ఏడుపు ఆపింది. ముక్కు చీది, ఒక్కక్షణం జగ్గమ్మ మొహంలోకి చూసింది. తర్వాత ఎవరితోనూ ఏమీ అనకుండా ప్లాట్‌ఫారం చివరిదాకా చరచరా నడిచింది. అక్కడ తమ ఊరున్న వైపు తిరిగి, నడుం మీద చేతులేసుకుని, గొంతెత్తి కేకేసింది.

"ఓలమ్మో, అసిరితల్లీ! ఇటు సూడు! నాతో మాటాడు! నా పెద్దల్లుడు సారా మానీస్తానని నీ గుడికాడ కొబ్బరికాయ కొట్టినాడా నేదా? మానినాడా? నువ్వడిగినావా?"

స్టేషను మాస్టరు గదిలోంచి బయటికి వచ్చాడు. గార్డు పచ్చజెండా ఎత్తబోయి ఆగి చూశాడు.

"ఎటు సూస్తన్నావు? ఇటు సూడమంటన్నాను! నాకు సమాధానం సెప్పి మరీ ఎల్లు!"

వెనక కిటికీ దగ్గర జగ్గమ్మ ఏం చేస్తోందో ఆవిడ తిరిగి చూడలేదు. రైలు కదిలి, ఆఖరి పెట్టె తనని దాటి వెళ్ళిపోయేదాకా అల్లుడి సంగతి చెబుతూనే ఉంది.